షమీమ్ ఖాలా డబల్ రొట్టె ముక్కలు

పెనం మీద నెయ్యి కరుగుతుంటుంది. యాలకుల పొడి కలిపిన గుడ్డు సొనలో మునిగి లేచిన మొదటి రొట్టె ముక్క దాని మీద పడగానే చుయ్‌మంటుంది. ఆదివారం పొద్దున మా ఇంట్లో ఎవరినీ లేపాల్సిన పని లేదు, ఆ చప్పుడు చాలు. మిగతా రోజుల్లో గొంతు పోయేలా అరిచినా దుప్పటి దించని నా పిల్లలిద్దరూ ఆ ఒక్క రోజు మొహాలైనా కడుక్కోకుండా వంటింట్లో ప్రత్యక్షమవుతారు. మా ఆయన కూడా ఏదో పనున్నట్టు వచ్చి పొయ్యి పక్కన నిలబడతాడు. పనేమీ ఉండదు, కన్నంతా మొదటి వాయి మీద. మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోన్ పట్టుకొచ్చి, "అమ్మా, గిది చూడు. నువ్వు చేసేదాన్ని ఫ్రెంచ్ టోస్ట్ బైట్స్ అంటరంట" అంది. అందులో ఎవరో తెల్లటి పళ్లెంలో అచ్చం మన ముక్కల్నే పేర్చి, పైన పండ్లు తరిగి పెట్టి మురిసిపోతోంది. నాకు నవ్వాగలేదు. "ఫ్రెంచోళ్లు మానుకోటకు ఎప్పుడొచ్చి నేర్చుకపోయిండ్రే?" అన్నాను. పిల్ల తెల్లమొహం వేసింది. ఇక షమీమ్ ఖాలా గురించి చెప్పక తప్పలేదు. నేను చెప్పడం మొదలుపెడితే ఒక పట్టాన ఆపనని మా ఇంట్లో అందరికీ తెలుసు. మీరూ కాస్త తీరిక చేసుకోండి.

ఇప్పుడు మేముండేది భూపాలపల్లిలో గానీ, నేను పెరిగింది మహబూబాబాద్‌లో. బోర్డుల మీద ఆ పేరు ఉంటుంది, మా నోళ్లలో మాత్రం అది మానుకోటే. మిర్చి మార్కెట్టుకు వెనక ఒక సన్నటి గల్లీ. మిరపకాయల కాలం వచ్చిందంటే గల్లీ గల్లీ అంతా ఒకేసారి తుమ్మేది. మాది నర్సింహులపేట వైపు ఒక తండా. బాపు ఆటో కొనుక్కుని, నన్ను మంచి బడిలో వెయ్యాలని అందరినీ ఊళ్లోకి తెచ్చాడు. ఇంట్లో మా లంబాడీ మాట, వాకిట్లోకి వస్తే తెలుగు. అమ్మను మేం యాడీ అంటాం. తండాలో పదిమందిని గడగడలాడించే మా యాడి, గల్లీలోకి వచ్చాక నల్లా దగ్గర బిందె పెట్టడానికి కూడా మొహమాటపడేది. మా గోడకు అవతలి ఇల్లే షమీమ్ ఖాలాది. ఖాలా అంటే వాళ్ల మాటలో పిన్ని. ఆమె పుట్టిల్లు జనగామ. వాళ్ల నాయన అక్కడ స్టేషన్ దగ్గర ఒక బేకరీలో భట్టీ ముందు పనిచేసేవాడట. భర్త యూసుఫ్ చాచా మొదట్లో మిర్చి లారీ నడుపుతూ కుటుంబాన్ని మానుకోటలో పెట్టాడు. తర్వాత భూపాలపల్లిలో బొగ్గు లారీ మీద పని దొరికింది. పిల్లల బడి మధ్యలో ఎందుకు కదపాలని ఖాలా ఇక్కడే ఉండిపోయింది. పొడుగాటి మనిషి, పెద్ద గొంతు. ఆమె నవ్విందంటే మా ఇంట్లో పొయ్యి మీదున్న గిన్నె మూత ఎగిరిందా అని చూసుకునేవాళ్లం. నేను అప్పుడు ఏడో తరగతి. తెలివిగలదాన్ని కాదు గానీ నోరుగలదాన్ని.

ఆ ఇంటికి నేను మొదటిసారి వెళ్లింది వాసన పట్టుకునే. చాచా సెలవు మీద వచ్చాడంటే మర్నాడు పొద్దున ఆ ఇంట్లో సంబరమే. గోడ మీంచి తొంగి చూస్తుంటే ఖాలా పట్టుకుంది. "ఏంది బుజ్జీ, గోడకు తోక మొలిచిందా? ఇటు రా" అని పిలిచింది. చాప మీద చాచా, వాళ్ల ముగ్గురు పిల్లలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో పెద్ద తాంబాళం. ఖాలా పొయ్యి దగ్గర. బ్రెడ్‌ను మా వైపు డబల్ రొట్టె అంటాం. ఆమె ఆ రొట్టెను పాలూ చక్కెరా కలిపిన గుడ్డు సొనలో వేసి, నానేలోగా టక్కున తీసి, సన్నటి సెగ మీద కాల్చేది. అంతవరకూ ఎవరైనా చేస్తారు. కానీ ఆమె రొట్టెను ముందే నోట్లో ఒక్కసారికి పట్టేంత ముక్కలుగా కోసేది. ఆరు వైపులా ఎర్రగా కాలాక వేడివేడిగా చక్కెరలో దొర్లించి తాంబాళంలోకి విసిరేది. "గింత చిన్నగ ఎందుకు ఖాలా?" అని అడిగాను. "మా బాపు మిగిలిన రొట్టె తెచ్చేటోడు. ఇంట్ల మేం గంపెడు పిల్లలం. పెద్ద ముక్కైతే కొట్లాట బేటీ, చిన్న ముక్కైతే ఆట" అంది. నిజంగా ఆటే అది. వాయికి ఒక ముక్కలో మాత్రం ఖాలా చిటికెడు కారం కూరేది. అసలే మా మానుకోట కారం. అది ఎవరి నోట్లో పడితే వాళ్లు లేచి పాట పాడాలి. ముక్క నోట్లో పెట్టుకున్నాక ఒక్కొక్కరి మొహం చూడాలి, కొరకాలంటే భయం, కొరక్కుండా ఉండాలంటే ఆశ. మొదటి రోజే అది నాకు పడింది. కళ్లలో నీళ్లు కారుతుండగా బళ్లో నేర్పిన ప్రార్థన గీతం పాడాను. చాచా నవ్వలేక గోడకు ఆనుకున్నాడు. మానుకోట వచ్చాక నేను ఒకరి ఇంట్లో అంతసేపు భయం లేకుండా కూర్చోవడం అదే మొదలు. ఆ తర్వాత నన్ను ఆ చాప మీద నుంచి లేపడం మా యాడి తరం కాలేదు.

ఇంత సందడి మనిషికి ఒక దిగులు ఉండేది. అది నాకు ఒక రంజాన్ పండగనాడు తెలిసింది. ఖాలా ఆ రోజు షీర్ ఖుర్మా వండి, గిన్నెల మీద అల్లిన బట్టలు కప్పి, గల్లీలో ప్రతి ఇంటికీ పంపింది. పట్టుకెళ్లిన వాళ్లలో నేనూ ఉన్నాను. అందరూ నవ్వుతూ తీసుకున్నారు. సాయంత్రానికి గిన్నెలు కడిగి తిరిగి పంపారు. మా దగ్గర గిన్నెను ఉత్తగా పంపరు, ఒకరు పిడికెడు చక్కెర వేశారు, ఒకరు రెండు అరటిపండ్లు పెట్టారు. మర్యాదలో ఎవరూ తక్కువ చెయ్యలేదు. అయినా ఖాలా ఆ గిన్నెలను బోర్లిస్తూ నాతో మెల్లగా అంది, "అందరు తీస్కున్నరు బేటీ. గని తిన్నరా? పనామెకు ఇచ్చిండ్రా? కుడితిల పోసిండ్రా? ఎవలు చూసిండ్రు? రెండేండ్ల సంది ఉంటున్న, ఈ గల్లీల ఒక్కలన్న నా ముందట కూసోని నా చేతిది తినుడు నేను చూడలే." "నేను తింట కద ఖాలా" అన్నాను. "నువ్వు మనిషివా, మిడతల దండువి" అని నా నెత్తి మీద మొట్టి నవ్వేసింది. నవ్వింది గానీ ఆ మాట నాలో ఉండిపోయింది. ఆ తర్వాత నేను ప్రతి ఇంటినీ అనుమానంగా చూడటం మొదలుపెట్టాను, ముఖ్యంగా నర్సవ్వ ఇంటిని.

నర్సవ్వ మా గల్లీకి పెద్దదిక్కు. రెండు బర్రెలు, పెరడు నిండా కోళ్లు, నోరు తెరిస్తే సామెతలు. పంచాయతీ అయినా పెళ్లిమాట అయినా ఆమె అరుగు మీదే తేలాలి. ఆమె కూర్చుంటే గల్లీ కూర్చుంటుంది, ఆమె లేస్తే లేస్తుంది. ఖాలాతో ఎప్పుడూ పెడసరంగా మాట్లాడింది లేదు, ఎదురుపడితే "మంచిదేనా బిడ్డా" అనేది. కానీ గడప దాటి వచ్చిందీ లేదు. నర్సవ్వ తినలేదంటే మిగతావాళ్లు తినరని నాకు గట్టి నమ్మకం.

అప్పుడే తెలంగాణ కోసం పెద్ద సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, ఆఫీసులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. భూపాలపల్లిలో బొగ్గు లారీలు ఆగితే చాచా ఇంటికొచ్చాడు. ఇళ్లల్లో ఇబ్బంది లేదని కాదు, బాపు ఆటో ఎన్ని రోజులని ఊరికే ఉంటుంది? కానీ అబద్ధం ఎందుకు, పిల్లలకు అదొక జాతర. పొద్దున లేస్తే ఊరేగింపు, మధ్యాహ్నం డప్పులు, సాయంత్రం రోడ్డు మీద బతుకమ్మ ఆటలు. సినిమాల్లో రౌడీకో పనిమనిషికో పెట్టి ఎగతాళి చేసిన మా మాటనే మైకులో పెద్ద పెద్ద వాళ్లు గొంతెత్తి మాట్లాడుతుంటే ఒళ్లు పులకరించేది. ఏ రోజు ఏ వారమో అందరికీ మరుపొచ్చింది. బడి లేదు, జీతం లేదు, ఇక సోమవారమేమిటి, గురువారమేమిటి? ఆ మరుపే మా కొంప ముంచబోయిందని అప్పుడు తెలియదు.

ఒకరోజు నర్సవ్వ అరుగు మీద ఆడవాళ్లంతా కూడారు. వచ్చే ఆదివారం మన గల్లీ తరఫున వంటావార్పు అని తేల్చారు. వంటావార్పు అంటే, రోడ్డు నడుమ పొయ్యిలు పెట్టి, బండ్లన్నీ ఆపి, అక్కడే వండి, అక్కడే బంతులుగా కూర్చుని తినడం. అప్పట్లో ఊరూరా చేశారు. ఎవరు బియ్యం, ఎవరు పప్పు, ఎవరు పొయ్యి రాళ్లు అని పంచుకుంటున్నారు. గోడ పక్కన నిలబడ్డ ఖాలా ఒక్కసారి గొంతెత్తి, "పిల్లలకు నేను చేస్త! డబల్ రొట్టె మీఠా ముక్కలు. పప్పన్నం కంటె ముందుగల పిల్లల కడుపులు నింపుత" అంది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నర్సవ్వ వక్క నములుతూ, "చెయ్యి బిడ్డా. అందరం చేస్తున్నం, నువ్వు చెయ్యవా?" అంది. ఇంటికొచ్చాక ఖాలా నా భుజాలు పట్టుకుని గిర్రున తిప్పింది. "సమజైతుందా బుజ్జీ? రోడ్డు మీద అందరు ఎదురుంగ కూసోని తింటరు. అక్కడ ఎవలు తిన్నరో, ఎవలు తినలేదో కండ్లకే కనవడ్తది!" ఆమె కళ్లు మెరిసిపోతున్నాయి. అది పిల్లల ఫలహారం కాదు, ఆమెకు అది పరీక్ష అని ఆ వయసులోనే నాకు తెలిసింది.

ఇక మా హడావుడి చూడాలి. బంద్ వల్ల అమ్ముడుపోక బేకరీలో రొట్టెలు పేరుకుపోయి ఉన్నాయి. చాచా వెళ్లి మాట్లాడితే బేకరీ ఆయన సంతోషంగా ఇచ్చేశాడు. ఒకటి రెండు రోజులు ఆరిన రొట్టే దీనికి బంగారం, కొత్తదైతే సొనలో వేయగానే పీచులు పీచులుగా విడిపోతుంది. ఖాలా అట్టలకు అట్టలు గుడ్లు తెప్పించింది. మేం పిల్లలం గల్లీ అంతా చాటింపు వేశాం. ఇంతలో కబురొచ్చింది, ఆదివారం మేం పొయ్యిలు పెట్టాలనుకున్న చౌరస్తాలో ఇంకేదో పెద్ద సభ ఉందట, మన వంటావార్పు ఒకరోజు ముందుకు జరిగిందని. అయితే ఏమైంది, ఇంకా మంచిదే అనుకుని రొట్టెలు కొయ్యడం మొదలుపెట్టాం. ముందురోజు మధ్యాహ్నం మా యాడి ఏదో ఇవ్వడానికి వచ్చి, గడప బయటే నిలబడి, గుడ్ల అట్టలు చూసి తటపటాయించింది. ఖాలాను ఆమె అక్కా అన్నట్టు ఆపా అనేది. "ఆపా, రేపు శనివారం గద" అంది. అంతే. ఖాలా చేతిలో కత్తి ఆగిపోయింది. శనివారం పూట మా గల్లీలో సగం ఇళ్లలో పొయ్యి మీదికి గుడ్డు ఎక్కదు. ఏడుకొండలవాడి వారం, నీసు ముట్టరు. ఇది ఖాలాకు తెలియక కాదు, జనగామలో పుట్టి పెరిగిన మనిషికి ఇది ఒకరు చెప్పాలా? ఒకరోజు ముందంటే శనివారమని ఆ హడావుడిలో ఎవరికీ తట్టలేదు, అదీ సంగతి.

ఖాలా గోడకు ఆనుకుని కూలబడింది. "నేను మొదటిపారి వండబోతున్న, గదీ శనివారం నాడు గుడ్డు! రోడ్డు మీద ఆ వాసనకు అందరు లేచిపోతుండిరి. జన్మల ఎవలు నా దిక్కు చూడకపోదురు" అని నెత్తి పట్టుకుంది. చాచా "పోనీ మానెయ్యి" అన్నాడు. ఆ మాట వినగానే ఆమె కోపంగా లేచింది. "నక్కో, మానేదే లేదు! మాట ఇచ్చిన. గుడ్డు లేకుంటె ఏమైతది, అక్కల్‌తోని, తెలివితోని చేస్త" అని గుడ్లను దుకాణానికి తిప్పి పంపింది. అక్కడి నుంచి మొదలైంది మా ప్రయోగం. శనగపిండి పాలల్లో చిక్కగా కలిపి ముంచితే బజ్జీ అయింది. "ఖాలా, దీంట్ల మిరపకాయ ఒక్కటే తక్కువ" అన్నాను. పల్చగా చేస్తే రొట్టె పెనానికి అంటుకుని ఊడి రాలేదు. అప్పుడు మా యాడి, ఇంతవరకూ ఆ గడప దాటని మా యాడి, చెప్పులు విప్పి లోపలికొచ్చింది. "జర బియ్యప్పిండి కలుపు ఆపా, పట్టు ఇడుస్తది" అని తనే పొయ్యి ముందు కూర్చుంది. సోంపు దంచి వేశారు, చక్కెర తగ్గించి సెగ తగ్గించారు. పాలు చాలకపోతే నేను చెంబు పట్టుకుని నర్సవ్వ దగ్గరికి ఉరికాను. "గుడ్డు తీసేసినం అవ్వా, శనివారం గద" అని చెప్పాను. ఆమె చెంబు నిండా పోసింది. చివరి వాయి దిగాక ఖాలా ఒకటి, యాడి ఒకటి నోట్లో వేసుకుని ఒకరినొకరు చూసుకున్నారు. పైన కరకర, లోపల మెత్తన. ఇద్దరూ చిన్నపిల్లల్లా చేతులు పట్టుకుని నవ్వారు. యాడి అలా నవ్వగా నేను మానుకోట వచ్చాక అదే చూడటం.

శనివారం రోడ్డు రోడ్డంతా పొగ. పెద్ద గంగాళాల్లో అన్నం ఉడుకుతోంది, పక్కన డప్పు మోగుతోంది, మధ్యలో మూడు రాళ్ల మీద ఖాలా పెనం. కొంగు నడుముకు చుట్టి, పెద్ద గొంతుతో "జై తెలంగాణ" అని ఒక వాయి, "రండ్రి పోరగాండ్లు" అని ఒక వాయి. పిల్లలు ఎగబడ్డారు. పిల్లల చేతుల్లోంచి తల్లులు ఒకటి కొరికారు. కొరికినవాళ్లు వచ్చి ఇంకోటి అడిగారు. ఆగిన లారీల డ్రైవర్లు వచ్చి దోసిలి పట్టారు. నేను తాంబాళం మోస్తూ, నములుతున్న ప్రతి నోటినీ చూసి ఖాలా దగ్గరికి పరిగెత్తుకొచ్చి చెబుతున్నాను, "సరోజక్క తిన్నది! మూలమీది అత్త తిన్నది! మల్లోటి అడిగింది!" ఖాలా మొహం పొయ్యి కంటే ఎర్రగా వెలిగింది. చివరికి ఆమే తాంబాళం అందుకుని, వడ్డనలు చేయిస్తూ తిరుగుతున్న నర్సవ్వ ముందుకు వెళ్లి నిలబడింది. "అవ్వా, నీ పాలతోనే చేసిన. జర నోట్లె ఏస్కో" అంది. నర్సవ్వ రెండు ముక్కలు తీసుకుంది. "మంచిగున్నట్టున్నయ్ బిడ్డా, తర్వాత తింట" అని వాటిని కొంగు అంచుకు ముడి వేసుకుని అన్నం గంగాళం వైపు వెళ్లిపోయింది.

ఖాలా తాంబాళం కింద పెట్టేసింది. గల్లీ మొత్తం తిన్న సంగతి ఆ ముడితో కొట్టుకుపోయింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నేను పోయి అడుగుత! పాలు పోసుడెందుకు, తినకుంట ముడేస్కునుడెందుకు?" అని ఉరకబోతే ఖాలా జబ్బ పట్టి ఆపింది. "వద్దు బేటీ. పెద్దమనిషి. తీస్కున్నది గద, సాలు" అంది. చాలలేదని ఆమె గొంతే చెబుతోంది. సాయంత్రం సామాన్లు మోసుకుని వస్తుంటే దారిలో అందరూ ఆమెను మెచ్చుకున్నారు. ఆమె అన్నిటికీ తల ఊపింది, ఒక్కదానికీ నవ్వలేదు. నేను ఆ పూట అన్నం తినకుండా పడుకున్నాను. నర్సవ్వతో ఇక జన్మలో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను.

తెల్లారింది. నేను ఖాలా వాకిట్లో కూర్చుని రొట్టె తుంపులు కాకులకు వేస్తుంటే నర్సవ్వ వచ్చింది. ఒక చేతిలో సత్తు పళ్లెం, కొంగులో ఏదో బరువు. నా వైపు చూసి, "ఏందే, మూతి గట్ల పెట్టినవ్? మీ ఖాలాను పిలువు" అంది. నేను పిలవలేదు, మొహం తిప్పుకున్నాను. ఆమె పిలుపుకు ఖాలాయే బయటికొచ్చి కంగారుగా ముసుగు సర్దుకుంది. నర్సవ్వ గడప మీద చతికిలబడి, కొంగు విప్పి, గుడ్లు ఒక్కొక్కటే పళ్లెంలో పెట్టింది. "నిన్న నాకు ఒక్కపొద్దు బిడ్డా. శనివారం పొద్దు మునిగేదాంక పచ్చి మంచినీళ్లే. ఆ గడబిడల చెప్పుడు మరిచిన. రాత్రి ఒక్కపొద్దు ఇడిసి ముందుగల నీ ముక్కలే నోట్లేస్కున్న. సల్లారినా ఎంత మంచిగున్నయే! ఇయ్యాల ఆయితారం. ఇవి నా కోళ్లయి. గుడ్డుతోని ఎట్ల చేస్తవో చెయ్యి, ఈన్నే కూసోని ఏడేడి తింట." ఒక్కపొద్దు! నిన్న ఆమె అన్నం కూడా ముట్టలేదని, అందరికీ వడ్డించి తాను మాత్రం కూర్చోలేదని, మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మేమిద్దరం కొంగు ముడినే చూశాం.

ఖాలా గుడ్ల పళ్లెం పట్టుకుని లోపలికి నడిచింది, నడుస్తూనే మోచేతితో కళ్లు తుడుచుకుంది. రెండు నిమిషాల్లో ఆమె గొంతు మళ్లీ గోడలు దాటింది. "బుజ్జీ! యాలకులు దంచు! మీ యాడిని పిలువు! చాచాను లేపు!" ఎలా లేపానో నాకే తెలియదు, గల్లీ అంతా ఉరికాను. చాప సరిపోక బొంత పరిచారు. నర్సవ్వ మధ్యలో కూర్చుని, మొదటి వాయిలో మొదటి ముక్క ఊదుకుంటూ నోట్లో వేసుకుంది. అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. నమిలింది, మింగింది, చెయ్యి చాపింది. "గింత చిన్నగ చేస్తివేందే, పంటి కిందికే రాలే. ఇంకోటెయ్యి" అంది. ఖాలా నవ్విన నవ్వుకు ఆ రోజు నిజంగానే ఏదో మూత కిందపడింది. తర్వాత నర్సవ్వే, "కారం ముక్క ఆట ఉందంట గద, పోరగాండ్లు చెప్పిండ్రు. పెట్టు, నేను భయపడుతననుకున్నవా?" అని పట్టుబట్టింది. అది పడింది మా యాడికి. యాడి సిగ్గుతో కొంగులో మొహం దాచుకుని, అందరూ బతిమాలితే మెల్లగా మా తండా పాట ఒకటి మా మాటలోనే అందుకుంది. మా ఇద్దరికి తప్ప అక్కడ ఎవరికీ అర్థం ఒక్క ముక్క తెలియదు. నర్సవ్వ మోకాలి మీద తాళం వేసింది. నాకు ఎంత ఆనందంగా ఉందంటే, నర్సవ్వ మీద పెట్టుకున్న ఒట్టు గురించి ఎవరికీ చెప్పకుండా మింగేశాను.

ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ రోజు టపాసులు కాల్చాం, మిఠాయిలు పంచాం, అదంతా అందరికీ తెలిసిన కథే. నాకు మాత్రం తెలంగాణ ఆ ఆదివారం పొద్దునే ఒకసారి వచ్చినట్టు అనిపిస్తుంది. కొన్నేళ్లకు ఖాలా వాళ్లు జనగామ వెళ్లిపోయారు. నా పెళ్లికి వచ్చి, వంటవాళ్లను తిట్టి, పొయ్యి ముందు తనే కూర్చుంది. పోయిన ఏడాది ఆమె లేదని ఫోన్ వచ్చినప్పుడు వెళ్లాను. ఇల్లు నిండా జనం. వాళ్ల పెద్ద కోడలు నన్ను చూసి, "గోడ మీంచి తొంగి చూసే బుజ్జివి నువ్వేనా?" అంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆమె నాకు వంట నేర్పింది అంటే తక్కువ చెప్పినట్టే, వంట చాలామంది నేర్పుతారు. వండి తెచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి ఏం ఎదురుచూస్తుందో ఆమె వల్ల నాకు తెలిసింది. మొన్నీమధ్య మా పక్క వాటాలో, గని పనికి ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన ఒక జంట దిగింది. ఆ పిల్లకు తెలుగు రాదు, నాకు ఆమె మాట రాదు. మూడో రోజు ఒక గిన్నె మీద పళ్లెం మూత పెట్టుకుని వచ్చి, లోపలికి రాకుండా నిలబడి నా వైపు చాపింది. రెండు చేతులా అందుకున్నాను. మా అమ్మాయి లోపల పెట్టడానికి గిన్నె అందుకోబోయింది. నేను ఇవ్వలేదు. ఆ గుమ్మంలోనే మూత తీశాను. ఏదో పిండితో చేసిన ఉండలు, నేనెప్పుడూ చూడనివి. ఆమె చూస్తుండగా ఒకటి నోట్లో వేసుకుని నమిలాను. ఆ పిల్ల ఊపిరి వదలడం నాకు వినిపించింది. మింగి, చెయ్యి చాపి, ఇంకోటి అడిగాను.